ఎక్కడ కాదో తేలితే... సుడోకు తేలికే!

ఆదివారం పేపర్లో 'అతి కఠినం' అని రాసి ఉన్న సుడోకు. సగం గళ్లు చకచకా నిండిపోతాయి. ఆ తర్వాత పెన్సిల్ ముందుకు కదలదు. ఎటు చూసినా ఒక్క అంకె కూడా కచ్చితంగా తేలదు. 'సరే, ఇక్కడ 4 వేసి చూద్దాం' అని చాలామంది గుడ్డిగా అడుగేసేది సరిగ్గా అక్కడే. పది నిమిషాల తర్వాత ఒకే వరసలో రెండు 7లు కనిపిస్తాయి. పేపరు మడిచి పక్కన పడేస్తారు. నిజానికి, ఎంత కఠినమైన సుడోకు అయినా సరే, ఊహతో పని లేకుండా పూర్తిచేయొచ్చు. అందుకు కొన్ని కిటుకులున్నాయి!

81 గళ్లు. 9 అంకెలు. ప్రతి అడ్డు వరసలో, ప్రతి నిలువు వరసలో, ప్రతి 3×3 చదరంలో 1 నుంచి 9 దాకా ఒక్కో అంకె ఒక్కసారే రావాలి. నియమం అంతే. ఇందులో కూడికలు లేవు, తీసివేతలు లేవు. అంకెల బదులు తొమ్మిది రకాల పండ్ల బొమ్మలు వేసినా ఆట మారదు. అందుకే లెక్కలంటే భయపడే వాళ్లు కూడా సుడోకుని హాయిగా ఆడేస్తారు. ఇక్కడ కావాల్సింది గణితం కాదు, తర్కం.

తేలిక సుడోకుల్లో మనం వేసుకునే ప్రశ్న ఒక్కటే... 'ఈ అంకె ఎక్కడ వస్తుంది?' కఠినమైన వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్నకి జవాబు దొరకదు. అప్పుడు ప్రశ్న మార్చాలి. 'ఈ అంకె ఎక్కడ రాదు?' అని అడగాలి. ప్రపంచవ్యాప్తంగా సుడోకు నిపుణులు వాడే పద్ధతులన్నీ, వాటి పేర్లు ఎంత వింతగా ఉన్నా, ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగేవే.

పుట్టింది అమెరికాలో...

పేరు జపాన్‌ది కాబట్టి ఆట కూడా అక్కడిదే అనుకుంటారు చాలామంది. కానీ దీన్ని తయారుచేసింది హోవార్డ్ గార్న్స్ అనే అమెరికన్. ఇండియానా రాష్ట్రానికి చెందిన విశ్రాంత ఆర్కిటెక్ట్. 1979లో డెల్ సంస్థ పజిళ్ల పత్రికలో 'నంబర్ ప్లేస్' పేరుతో అచ్చయింది. 1984లో జపాన్‌కి చెందిన నికోలి సంస్థ దాన్ని తమ పాఠకులకి పరిచయం చేసింది. 'అంకెలు ఒంటరిగానే ఉండాలి' అనే అర్థం వచ్చే పొడవాటి జపనీస్ వాక్యాన్ని కుదించి 'సుడోకు' అని పేరుపెట్టింది నికోలి అధిపతి మాకి కాజీ. ఆయన 2021లో కన్నుమూశారు. అసలు సృష్టికర్త గార్న్స్ మాత్రం 1989లోనే చనిపోయారు. తన ఆట ప్రపంచాన్ని ఊపేయడం ఆయన చూడనేలేదు.

ఆ ఊపు తెచ్చింది ఓ జడ్జిగారు! న్యూజిలాండ్‌లో పుట్టి హాంకాంగ్‌లో న్యాయమూర్తిగా పనిచేసిన వేన్ గౌల్డ్, 1997లో టోక్యోలోని ఓ పుస్తకాల షాపులో ఈ పజిల్ చూశారు. ఆరేళ్లు కష్టపడి సుడోకుల్ని తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రామ్ రాశారు. లండన్‌లోని 'ద టైమ్స్' పత్రికని ఒప్పించారు. 2004 నవంబరు 12న అందులో మొదలైన సుడోకు ఏడాది తిరిగేసరికి దేశదేశాల పత్రికల్లోకి పాకింది. 2006లో ఇటలీలోని లూకాలో తొలి ప్రపంచ సుడోకు పోటీలు జరిగితే, చెక్ దేశస్థురాలు యానా టిలోవా గెలిచారు. ఆ పోటీలకు మనదేశం కూడా రెండుసార్లు వేదికైంది... 2008లో గోవా, 2017లో బెంగళూరు.

ముందు అభ్యర్థుల జాబితా

ఇక కిటుకుల్లోకి వద్దాం. కఠినమైన సుడోకుకి మొదటి మెట్టు, ఖాళీ గడిలో రాగల అంకెలన్నిటినీ మూలన చిన్నగా రాసుకోవడం. నిపుణులు వీటిని 'క్యాండిడేట్లు' అంటారు. అంటే అభ్యర్థులే! ప్రతి గడీ ఓ నియోజకవర్గం. ఎవరు గెలిచారో వెంటనే తెలియకపోవచ్చు. కానీ ఎవరెవరు బరిలోంచి తప్పుకున్నారో ఒక్కొక్కరినే కొట్టేస్తూ పోతే, చివరికి మిగిలినవాడే విజేత.

మొదటి తొలగింపు తేలికే. ఎడమవైపు పై చదరంలో 5 రాగల గళ్లన్నీ 2వ అడ్డు వరసలోనే ఉన్నాయనుకుందాం. ఏ గడిలో వస్తుందో తెలియదు. కానీ 2వ వరసకి రావాల్సిన 5 ఆ చదరంలోనే ఉందని తేలిపోయింది. కాబట్టి అదే వరసలో మిగతా ఆరు గళ్లలోంచి 5ని కొట్టేయొచ్చు.

రెండోది జంటలు. ఓ వరసలో రెండు గళ్లలో 3, 8 మాత్రమే మిగిలాయనుకోండి. రైల్లో ఇద్దరికి రెండు బెర్తులు దొరికినట్టన్నమాట. పై బెర్తు ఎవరిదో, కింది బెర్తు ఎవరిదో తర్వాత తేల్చుకుంటారు. మూడో మనిషికి మాత్రం అక్కడ చోటు లేదు, ఆ ఇద్దరూ మరో బెర్తు కోసం వెతకరు. అంటే ఆ వరసలో మిగిలిన గళ్లన్నిటిలోంచి 3, 8 మాయం!

దీనికే తిరగేసిన రూపం ఒకటుంది. ఓ చదరంలో 4, 9 అనే రెండు అంకెలూ రెండంటే రెండు గళ్లలోనే కనిపిస్తున్నాయి. ఆ గళ్లలో 2, 6, 7 లాంటి అభ్యర్థులు కూడా ఉన్నారు. ఆ గుంపులో జంట దాక్కుని ఉంటుంది, అందుకే దాన్ని 'దాగిన జంట' అంటారు. కనిపెట్టడం కష్టమే కానీ, కనిపెడితే ఆ రెండు గళ్లలోంచి మిగతా అంకెలన్నీ ఒక్కసారే పోతాయి.

నాలుగు మూలల 'ఎక్స్'

ఇక్కడిదాకా మన చూపు ఒక్క వరస మీదో, ఒక్క చదరం మీదో ఉంది. అసలైన కఠిన సుడోకులు ఇంతటితో లొంగవు. రెండు మూడు వరసల్ని కలిపి చూడాలి. అందులో మొదటిది 'ఎక్స్-వింగ్'.

ఏదో ఒక అంకెనే పట్టుకోవాలి. 7 అనుకుందాం. 2వ అడ్డు వరసలో 7 రాగల చోట్లు రెండే... 3వ, 8వ నిలువు వరసలు. 6వ అడ్డు వరసలోనూ సరిగ్గా అవే రెండు చోట్లు. ఇప్పుడు ఏం జరగొచ్చు? 2వ వరసలో 7 ఎడమ వైపు వస్తే, 6వ వరసలో కుడి వైపు రావాలి. అక్కడ కుడి వైపు వస్తే, ఇక్కడ ఎడమ వైపు రావాలి. ఈ రెండూ తప్ప మూడో దారి లేదు. ఏ దారిలో వెళ్లినా 3వ నిలువు వరసకి ఒక 7, 8వ నిలువు వరసకి ఒక 7 ఈ నాలుగు మూలల్లోంచే వచ్చేస్తాయి. కాబట్టి ఆ రెండు నిలువు వరసల్లో మిగతా గళ్లన్నిటిలోంచి 7ని కొట్టేయొచ్చు. గమనించారా? 7 ఎక్కడుందో మనకి ఇంకా తెలియదు. అయినా అది ఎక్కడ లేదో తెలిసిపోయింది!

వలలో కత్తిచేప

ఇదే వలని కాస్త పెద్దది చేస్తే 'స్వార్డ్‌ఫిష్', అంటే కత్తిచేప. ఈసారి మూడు అడ్డు వరసలు, మూడు నిలువు వరసలు. 4ని తీసుకుందాం. 1వ అడ్డు వరసలో 4 రాగలది 2, 5 నిలువు వరసల్లో. 5వ అడ్డు వరసలో 5, 9 నిలువు వరసల్లో. 8వ అడ్డు వరసలో 2, 9 నిలువు వరసల్లో. మూడు అడ్డు వరసలకీ మూడు 4లు కావాలి. వాటికి ఉన్న చోటు ఆ మూడు నిలువు వరసలే. నిలువు వరసకి ఒకటి చొప్పున పంచుకోక తప్పదు. అంటే 2, 5, 9 నిలువు వరసల్లో మిగిలిన గళ్లలో 4కి పని లేదు. నాలుగేసి వరసలతో ఇదే పని చేస్తే దాని పేరు 'జెల్లీఫిష్'. పేర్లు ఏవైనా సూత్రం ఒక్కటే... ఎన్ని కుర్చీలో అంతమందే మనుషులు.

తలుపు మడత

ఎక్స్-వింగ్, కత్తిచేపలు ఒకే అంకెతో ఆడే ఆటలు. మూడు అంకెలతో ఆడేది 'వై-వింగ్'. దీన్ని తలుపు మడతబందుతో పోల్చొచ్చు. 3వ అడ్డు వరసలో 2వ గడి మడతబందు. అందులో 2, 5 ఉన్నాయి. అదే అడ్డు వరసలో 7వ గడిలో 2, 9. ఇక మడతబందు ఉన్న నిలువు వరసలోనే కిందకి వెళ్తే, 8వ అడ్డు వరసలో 5, 9. ఇవి రెండు రెక్కలు.

మడతబందులో 2 వస్తే మొదటి రెక్కలో 2 పోయి 9 మిగులుతుంది. 5 వస్తే రెండో రెక్కలో 9 మిగులుతుంది. తలుపు ఎటు తెరిచినా ఏదో ఒక రెక్కలో 9 ఉండి తీరుతుంది. అలాంటప్పుడు రెండు రెక్కలకీ ఎదురుగా ఉన్న గడి, అంటే 8వ అడ్డు వరస, 7వ నిలువు వరస కలిసే చోట 9 రావడం అసాధ్యం. కొట్టేయడమే! రెండేసి అభ్యర్థులున్న గళ్లని ముందే గుర్తుపెట్టుకుంటే ఇలాంటి తలుపులు తరచూ దొరుకుతాయి.

గొలుసా... గుడ్డి దెబ్బా?

ఇంకా కఠినమైన సుడోకులకి 'గొలుసులు' కావాలి. ఓ గడిలో 1, 6 మిగిలాయి. 1 అనుకుని పక్క గళ్లలో ఏం జరుగుతుందో చూసుకుంటూ వెళ్తే దూరంగా ఒక గడిలో 3 వచ్చింది. మళ్లీ మొదటికొచ్చి 6 అనుకుని చూస్తే, వేరే దారిలో తిరిగి అదే గడిలో అదే 3 వచ్చింది. ఇంకేం... అక్కడ 3 ఖాయం!

'ఇది ఊహించడం కాదా?' అని అడగొచ్చు. సుడోకు ప్రియుల మధ్య ఏళ్లుగా నలుగుతున్న వాదమే ఇది. తేడా ఎక్కడంటే... ఊహించేవాళ్లు ఒక్క దారినే ఎంచుకుని, అదే నిజమని అంకె వేసేస్తారు. గొలుసు పట్టుకునేవాళ్లు రెండు దారుల్నీ చివరిదాకా చూసి, రెండిట్లోనూ నిజమైనదాన్నే రాస్తారు. మొదటిది పందెం. రెండోది రుజువు. అయితే గొలుసు మరీ పొడవైతే మనసులో పెట్టుకోవడం కష్టం. అందుకే చాలామంది రంగు పెన్సిళ్లు వాడతారు. ఒకే అంకెకి రెండేసి చోట్లే ఉన్న వరసల్ని కలుపుకుంటూ ఆ గళ్లకి ఎరుపు, నీలం మార్చి మార్చి వేస్తారు. ఎరుపన్నా నిజం కావాలి, నీలమన్నా నిజం కావాలి. ఎరుపు గడికీ నీలం గడికీ కూడా ఎదురుపడే మూడో గడిలో ఆ అంకె రాదు.

జవాబు ఒక్కటే అన్న నమ్మకం

సరైన సుడోకుకి జవాబు ఒక్కటే ఉండాలి. చిత్రమేంటంటే, ఆ హామీనే ఓ ఆయుధంగా వాడుకోవచ్చు! 4, 5 అడ్డు వరసలు. 1, 7 నిలువు వరసలు. ఇవి కలిసే నాలుగు గళ్లూ రెండు చదరాల్లోనే ఉంటాయి. వీటిలో మూడు గళ్లలో 1, 8 మాత్రమే ఉన్నాయి. నాలుగో దాంట్లో 1, 8లతోపాటు 5 కూడా ఉంది. ఆ నాలుగో గడిలోనూ 1 కానీ 8 కానీ వస్తే ఏమవుతుంది? నాలుగు గళ్లలో 1నీ 8నీ అటూ ఇటూ మార్చేసినా ఏ నియమమూ తప్పదు. అంటే పజిల్‌కి రెండు జవాబులు. అలా కాకూడదు కాబట్టి ఆ గడిలో 5 రావాల్సిందే. దీన్ని 'యునీక్ రెక్టాంగిల్' అంటారు. కొందరు దీన్ని ఒప్పుకోరు. పజిల్ తయారుచేసినవారి మాట నమ్మి ఆడటం తర్కం ఎలా అవుతుందన్నది వాళ్ల అభ్యంతరం.

ఈ చిన్న ఆలోచనే ఓ పెద్ద ప్రశ్నకి జవాబు రాబట్టింది. జవాబు ఒక్కటే రావాలంటే కనీసం ఎన్ని అంకెలు ముందే ఇవ్వాలి? 17 అంకెల సుడోకుల్ని ఆస్ట్రేలియాకి చెందిన గణితవేత్త గోర్డన్ రాయిల్ 49 వేలకు పైగా పోగుచేశారు. 16 అంకెలది మాత్రం ఒక్కటీ దొరకలేదు. దొరకలేదా... అసలు లేదా? పూర్తిగా నిండిన సుడోకు పట్టికలు మొత్తం సుమారు 6.67 కోట్ల కోట్ల కోట్లు ఉంటాయని 2005లో ఫెల్గెన్‌హావర్, జార్విస్ లెక్కతేల్చారు. తిప్పినా, అంకెలు మార్చినా ఒకటే అయ్యేవాటిని తీసేస్తే మిగిలేవి 547 కోట్లు. డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన గ్యారీ మెక్‌గ్వైర్ బృందం వాటన్నిటినీ జల్లెడ పట్టింది. ప్రతి పట్టికలోనూ పైన చెప్పినట్టు అంకెలు అటూ ఇటూ మారిపోగల గుంపులుంటాయి. అలాంటి ప్రతి గుంపులోనూ కనీసం ఒక అంకెని ముందే ఇచ్చి తీరాలి. 16 అంకెలతో అన్ని గుంపుల్నీ కాయడం సాధ్యమేనా అని వెతికారు. ఒకే కంప్యూటర్ ప్రాసెసర్ మీద అయితే 71 లక్షల గంటలు పట్టే పనిని ఐర్లాండ్‌లోని సూపర్ కంప్యూటర్‌తో ముగించి, 2012 జనవరిలో తేల్చిచెప్పారు... 16 అంకెల సుడోకు లేదు!

అలాగని ఇచ్చిన అంకెలు తక్కువైతే పజిల్ కష్టమని కాదు. 17 అంకెలున్నవాటిలో తేలిగ్గా పూర్తయ్యేవి చాలానే ఉన్నాయి. 2012లో ఫిన్లాండ్ గణితవేత్త ఆర్టో ఇంకాలా తయారుచేసిన సుడోకుని 'ప్రపంచంలోనే అతి కఠినం' అని పత్రికలు రాశాయి. అందులో ఇచ్చిన అంకెలు 21. కష్టాన్ని నిర్ణయించేది అంకెల సంఖ్య కాదు, ఒక్క అభ్యర్థిని కొట్టేయడానికి ఎంత పొడవైన గొలుసు కావాలన్నదే.

ఉంగరం మహిమ

ఫిస్టోమెఫెల్ అనే మారుపేరుతో సుడోకులు తయారుచేసే ఒకరి పేరుమీద ప్రసిద్ధమైన రహస్యం ఒకటుంది. నిన్నటి పేపర్లో పూర్తిచేసిన సుడోకు తీసుకోండి. సరిగ్గా మధ్యలో ఉన్న చదరాన్ని చుట్టి ఉంగరంలా ఉండే 16 గళ్లని చూడండి. ఇప్పుడు పట్టిక నాలుగు మూలల్లోనూ 2×2 చొప్పున ఉండే 16 గళ్లని చూడండి. ఉంగరంలో ఏయే అంకెలు ఎన్నెన్నిసార్లు ఉన్నాయో, మూలల్లోనూ అవే అంకెలు అన్నేసిసార్లే ఉంటాయి. ఏ సుడోకులోనైనా సరే!

మాయ కాదు, కారణముంది. 1, 2, 8, 9 అడ్డు వరసలకి ఎర్రరంగు వేయండి. 3, 7 నిలువు వరసలకీ, పైన మధ్య చదరానికీ, కింద మధ్య చదరానికీ నీలిరంగు వేయండి. ఎరుపులో నాలుగు పూర్తి వరసలున్నాయి కాబట్టి ప్రతి అంకె నాలుగుసార్లు ఉంటుంది. నీలంలోనూ రెండు వరసలు, రెండు చదరాలు... అక్కడా ప్రతి అంకె నాలుగుసార్లే. రెండు రంగులూ పడిన గళ్లు 20. వాటిని రెండు వైపుల నుంచీ తీసేస్తే ఎరుపులో మిగిలేవి మూలల్లోని 16, నీలంలో మిగిలేవి ఉంగరంలోని 16. సమానమైన వాటిలోంచి సమానంగా తీసేస్తే మిగిలేవీ సమానమేగా! పేపర్లో వచ్చే మామూలు సుడోకుల్లో దీని అవసరం తక్కువ. అదనపు నియమాలతో వచ్చే కొత్తరకం సుడోకుల్లో మాత్రం దారి చూపిస్తుంది.

ఆ కొత్తరకాల్లో ఒకటి 2020లో యూట్యూబ్‌లో సంచలనమైంది. మిచెల్ లీ తయారుచేసిన ఆ 'మిరకిల్ సుడోకు'లో ముందే ఇచ్చినవి రెండే అంకెలు... 1, 2. చదరంగంలో రాజు, గుర్రం ఒక్క ఎత్తులో వెళ్లగల గళ్లలో ఒకే అంకె రాకూడదు, ఆనుకుని ఉన్న గళ్లలో వరస అంకెలు రాకూడదు అన్నవి అదనపు నియమాలు. 'క్రాకింగ్ ద క్రిప్టిక్' ఛానెల్‌లో సైమన్ ఆంథనీ మొదట అదేదో జోక్ అనుకున్నారు. సుమారు 25 నిమిషాల్లో, ఎక్కడా ఊహించకుండా, మొత్తం నింపేశారు. చూసినవాళ్లకి నచ్చింది ఆ జవాబు కాదు, ఆయన ఒక్కో అడుగూ ఎందుకు వేస్తున్నారో చెప్పిన తీరు.

జవాబే కావాలంటే కంప్యూటర్ ఉంది. అంకె వేయడం, కుదరకపోతే చెరిపేసి ఇంకోటి వేయడం... ఇంకాలా సుడోకునైనా అది సెకను లోపే పూర్తిచేస్తుంది. కానీ అది చేసేది మనం మానుకోవాలనుకుంటున్న గుడ్డి పనే. వేగం ఉంది కాబట్టి దానికి చెల్లుతుంది. మనకున్నది వేగం కాదు, 'ఎందుకు' అని అడగగలగడం. సుడోకు ఇచ్చే అసలు ఆనందం అందులోనే ఉంది.

పెన్సిల్ పట్టే ముందు...

* అన్ని గళ్లలోనూ ఒకేసారి అభ్యర్థుల్ని రాయొద్దు. పట్టిక నిండిపోయి ఏదీ కనిపించదు. ప్రపంచ పోటీల్లో మూడుసార్లు గెలిచిన థామస్ స్నైడర్ పేరుమీద ఓ పద్ధతి ఉంది. చదరంలో ఓ అంకెకి రెండే చోట్లు మిగిలినప్పుడు మాత్రమే దాన్ని మూలన రాసుకోవాలి. చిక్కుపడ్డాకే మిగతావి రాయాలి.

* తేలిక నుంచి కష్టానికి వెళ్లండి. ఒంటరి అంకెలు, చదరంలో చిక్కిన అంకెలు, జంటలు, ఎక్స్-వింగ్, వై-వింగ్, కత్తిచేప, చివరగా గొలుసులు.

* ఒక్క అభ్యర్థిని కొట్టేసినా వెంటనే మళ్లీ మొదటి మెట్టు నుంచి చూడండి. కఠిన సుడోకుల్లో తాళం చాలాసార్లు ఆ ఒక్క అంకె దగ్గరే ఉంటుంది.

* ఎక్స్-వింగ్ కోసం పట్టికంతా వెతకొద్దు. ఒకే అంకెని తీసుకుని, అది రెండే చోట్ల ఉన్న వరసల్ని మాత్రం చూడండి.

* పిల్లలతో కలిసి ఆడేటప్పుడు అంకె వేసే ముందు 'ఎందుకు?' అని అడగండి. కారణం చెప్పలేకపోతే వేయొద్దన్నది ఇంట్లో నియమంగా పెట్టుకోండి.

ఇక రబ్బరు సంగతంటారా... దగ్గరే ఉంచుకోండి. అయితే అది చెరపాల్సింది తప్పుగా వేసిన అంకెల్ని కాదు, బరిలోంచి తప్పుకున్న అభ్యర్థుల్ని!